తెగిన పోగు ఎక్కడ?

మీట నొక్కగానే ఆకుపచ్చ దీపం వెలిగింది. పెట్టె లోపల పంకాలు గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

ఆయన ఒక నిమిషం ఆగి చూశాడు. ఆపి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే దీపం, అదే గాలి చప్పుడు, అదే చీకటి.

అది 2023 జూలై మూడో వారం. ఢిల్లీలో యమునానది ఆ నెల 13వ తేదీన 208.66 మీటర్ల మట్టానికి చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటింది. మయూర్ విహార్‌లో రోడ్ల పక్కన, నది ఒడ్డున ఇళ్ళు మునిగినవారి గుడారాలు ఇంకా అలాగే ఉన్నాయి. అదే పేటలో, ఒక మూడో అంతస్తు ఫ్లాటులో, ఆ పెద్దమనిషి ఒంటరిగా కూర్చుని నల్లని తెరను చూస్తున్నాడు. వెనుకటి ఆ వరద వచ్చిన 1978లోనే, ఇరవై రెండేళ్ళ వయసులో, శ్రీకాకుళం జిల్లా పొందూరు నుండి ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఆయన ఢిల్లీ వచ్చాడు. 2016లో ఉద్యోగ విరమణ చేసి ఇక్కడే ఉండిపోయాడు.

చూసేవారికి అది పన్నెండేళ్ళ పాత కంప్యూటర్. పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. కాని దానిలో ఉన్నదానిని కొనడానికి వీలులేదు.

పొందూరు ఖద్దరు పేరు తెలుగువారికి కొత్తకాదు. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద సన్నని నూలుగా వడికి నేసే బట్ట అది. ఆయన తల్లి వడికేది. తండ్రి గుంట మగ్గంలో కూర్చుని నేసేవాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడికి కదురు, కండె, ఆసు, నాడె, పడుగు, పేక అనేవి నేర్చుకున్న మాటలు కావు; వాటి మధ్యనే నడక నేర్చాడు. ఆయన పిల్లలు ఢిల్లీలో, 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి పాఠశాలలో చదువుకున్నారు. వారికి తెలుగు చక్కగా వచ్చు. కాని కదురు అంటే ఏమిటో తెలియదు. ‘ఏకులా వచ్చి మేకులా తగులుకున్నాడు’ అని నవ్వుతూ అంటారు. ఏకు ఎలా ఉంటుందని అడిగితే ముఖాలు చూసుకుంటారు.

ఈ సంగతి గ్రహించిన నాటి నుండి, అంటే 2011లో ఆ కంప్యూటర్ కొన్న నాటి నుండి, ఆయన ఆ మాటలను పోగుచేయసాగాడు. ఏటా సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ముసలివారి పక్కన కూర్చునేవాడు. మాట, దాని అర్థం, ఆ మాట దొర్లిన వాక్యం, చెప్పినవారి పేరు, ఊరు, తేది. నోటుపుస్తకంలో గీసుకుని, ఢిల్లీకి తిరిగివచ్చి కంప్యూటరులో ఎక్కించి, ఆ పుస్తకాలను పాత కాగితాల వాడికి ఇచ్చివేసేవాడు. అలా మూడువేల పైచిలుకు మాటలు చేరాయి. చెప్పినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. వారిని మళ్ళీ అడగడానికి వీలులేదు.

నకలు లేదా అంటే, ఉంది. 2017లో ఒక పెన్‌డ్రైవులో ఎక్కించుకున్నాడు, ‘చ’ అక్షరం దాకా. ఆ తరువాతి అక్షరాలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి.

అందువల్ల భయం పట్టుకున్నవాడు చేసే పనులన్నీ ఆయనా చేశాడు. మీటను పదిసార్లు నొక్కాడు. వెనుక ఉన్న తీగలన్నీ ఊడదీసి తిరిగి పెట్టాడు. పెట్టె మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. చివరకు పై అంతస్తులో ఉండే విజయనగరం అమ్మాయికి కబురు పంపాడు.

ఆ అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి. నోయిడాలో ఒక కంపెనీలో ఎలక్ట్రానిక్ సర్క్యూట్లను పరీక్షించే ఉద్యోగం. రాత్రి ఎనిమిదింటికి వచ్చింది. పెట్టెను ముట్టుకోలేదు.

“బాబాయిగారూ, ముందు ఆ కూలరు ఆపండి.”

“కూలరెందుకమ్మా? ఉక్కపోసి చస్తాం.”

“వినాలి కదండీ.”

కూలరు ఆపారు. సీలింగు ఫ్యాను కూడా ఆపారు. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అప్పుడు మీట నొక్కమన్నది. దీపం వెలిగింది, పంకాలు తిరిగాయి. వాటి చప్పుడు కింద నుండి సన్నగా, పొడుగ్గా ఒక కూత వినిపించింది. ఆగింది. మళ్ళీ కూసింది. మళ్ళీ ఆగింది.

“అది మొదటినుండీ చెబుతూనే ఉంది బాబాయిగారూ. మనమే వినలేదు.”

*

కంప్యూటరు మేలుకునే తీరు తెలిస్తే ఆ కూతకు అర్థం తెలుస్తుంది. మీట నొక్కిన క్షణంలో మొదట పనిచేసేది కరెంటును మార్చి ఇచ్చే పెట్టె. గోడ నుండి వచ్చే 230 వోల్టుల కరెంటును అది 12, 5, 3.3 వోల్టులుగా మార్చుతుంది. అవి నిలకడగా ఉన్నాయని రూఢి చేసుకున్న తరువాత, సెకనులో పదోవంతు నుండి సగం లోపల, ‘సరిగా ఉంది’ అని ఒక సంకేతం పంపుతుంది. అంతవరకు ప్రాసెసరును కదలనివ్వరు. సంకేతం అందగానే ప్రాసెసరు మదర్‌బోర్డు మీది ఒక చిన్న చిప్పులో శాశ్వతంగా రాసిపెట్టిన ఆజ్ఞలను చదవడం మొదలుపెడుతుంది. ఆ ఆజ్ఞల సముదాయానికే బయోస్ అని పేరు. అది తన వారినందరినీ ఒక్కొక్కరినే పిలిచి హాజరు వేసుకుంటుంది: జ్ఞాపకం ఉన్నదా, తెర చూపే భాగం ఉన్నదా, డిస్కు ఉన్నదా అని.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. తెర వెలగాలంటే అంతకు ముందు జ్ఞాపకం పనిచేయాలి. ఆ జ్ఞాపకమే పలకకపోతే, ఆ మాట తెర మీద రాసి చెప్పడానికి వీలుండదు. అందుకే 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు కాలం నుండి, కళ్ళకు చూపలేని దానిని చెవులకు చెప్పే ఏర్పాటు చేశారు. కూత ఒకటైతే ఒక అర్థం, పొడుగు పొట్టి కలిస్తే ఇంకొక అర్థం. బయోస్ తయారుచేసినవారిని బట్టి ఈ భాష మారుతుంది. అవార్డ్ అనే పేరుగల బయోస్‌లో ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు కలిస్తే తెర చూపే భాగంలో లోపమని అర్థం. విడవకుండా పొడుగు కూతలు వస్తే జ్ఞాపకంలో లోపమని అర్థం. ఈ కాలపు బోర్డులలో కూతకు బదులు చిన్న దీపాలు అమర్చుతున్నారు. ఏ దీపం దగ్గర పని ఆగిందో అక్కడే లోపం.

మేలుకోవడాన్ని ‘బూట్’ కావడం అని ఎందుకు అన్నారంటే, దాని వెనుక ఒక చమత్కారం ఉన్నది. పాశ్చాత్యుల పొడుగాటి బూట్లకు వెనుకవైపు తొడుక్కోవడానికి వీలుగా ఒక పట్టీ ఉంటుంది. ఆ పట్టీ తానే పట్టుకుని తనను తాను పైకి లేపుకోవడం ఎవరివల్లనైనా అవుతుందా? ఏ ఆజ్ఞా లేకుండా ఏ పనీ చేయలేని కంప్యూటరు, తన మొదటి ఆజ్ఞను తానే తెచ్చుకోవడం కూడా అటువంటి అసాధ్యకార్యమే. దానిని సాధ్యం చేయడానికి ఒక చిన్న ఆజ్ఞ కొంచెం పెద్దదానిని, అది ఇంకా పెద్దదానిని పిలిచేటట్లు ఒక వరుస ఏర్పరచారు. దీపంతో దీపం వెలిగించినట్లు ఒకటి తరువాత ఒకటి అంటుకుంటాయి. మధ్యలో ఎక్కడ గాలి వీచినా అక్కడితో వరుస ఆగుతుంది. పంకా తిరగడం ఆ వరుసలో మొదటి దీపం మాత్రమే. అది తిరిగినంత మాత్రాన యంత్రం మేలుకున్నట్లు కాదు. తెర నల్లగా ఉన్నంత మాత్రాన చచ్చినట్లూ కాదు.

అమ్మాయి తన సంచిలోనుండి మీటరు తీసి 12 వోల్టుల తీగను కొలిచింది. 11.4కూ 12.6కూ మధ్య ఉంటే క్షేమం. ఉన్నది. టార్చిలైటు వేసి బోర్డు మీద కెపాసిటర్ల తలలు చూసింది. ఏదీ ఉబ్బలేదు. అప్పుడు పెట్టెకు ఎదురుగా ఆయనను కూర్చోబెట్టింది.

“మీ చేత్తోనే చేయండి. రేపు నేనుండకపోవచ్చు.”

ప్లగ్గు ఊడదీయమన్నది. లోపల మిగిలిన కరెంటు పోయేందుకు మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టమన్నది. పెట్టె ఇనుప అంచును చేత్తో తాకమన్నది. ఒంట్లో పేరుకున్న స్థిర విద్యుత్తు చిప్పులకు హాని చేస్తుంది కనుక. తరువాత ర్యామ్ పట్టీలను రెండు చివరల కొక్కేలు వదులుచేసి బయటికి తీయించింది. వాటి అంచున వరుసగా ఉండే బంగారు పూత బిళ్ళలు మసకబారి ఉన్నాయి. మే, జూన్ నెలలలో కూలరు గాలి తిన్నగా ఆ పెట్టె మీదికే కొట్టింది. ఢిల్లీ ధూళి, కూలరు తేమ, ఆ మీద వర్షాకాలం. దానికి తోడు ఆయన జూన్ నెలలో మెయిన్ స్విచ్ కట్టివేసి పొందూరు వెళ్ళి ముప్ఫై ఎనిమిది రోజుల తరువాత తిరిగివచ్చాడు. అన్ని రోజులూ పెట్టె చల్లగా, తడిగాలిలో ఉండిపోయింది.

పిల్లలు వాడే మామూలు రబ్బరుతో బిళ్ళలను మెల్లగా రుద్ది, పొడి దులిపి, ఒకే ఒక్క పట్టీని గాడిలో పెట్టి కొక్కేలు టిక్కుమనేదాకా నొక్కించింది. రెండూ ఎందుకు పెట్టకూడదని ఆయన అడిగాడు.

“ఒకసారికి ఒకటే మార్చాలి బాబాయిగారూ. రెండు మారిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు; బాగుకాకపోయినా ఎందుకు కాలేదో తెలియదు.”

మీట నొక్కారు. ఒకే ఒక పొట్టి కూత. తెర వెలిగింది. తెల్లని అక్షరాలు బారులు తీరాయి. ఆయన కళ్ళు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే పై అంతస్తులో పసిబిడ్డ ఏడుపు వినిపించింది. అమ్మాయి రెండో పట్టీని కూడా పెట్టించి, మళ్ళీ తెర వెలగడం చూసి, లేచి వెళ్ళిపోయింది.

*

ఆమె వెళ్ళిన తరువాత తెర మీద అక్షరాలు కదలకుండా నిలిచి ఉన్నాయి. అట్టడుగున ఎఫ్1 మీట నొక్కమని రాసి ఉన్నది. ఆయన నొక్కాడు. విండోస్ గుర్తు కనబడింది. మరుక్షణంలో తెర నీలంగా మెరిసింది. యంత్రం తనంతట తానే ఆగి, మళ్ళీ మొదటికి వచ్చింది. మళ్ళీ ఎఫ్1, మళ్ళీ నీలం, మళ్ళీ మొదటికి. రాత్రి పదకొండు దాకా ఆయన అలాగే నొక్కుతూ కూర్చున్నాడు.

ఉదయం తెలిసినదేమంటే, ఆ అమ్మాయి ఆఫీసు పని మీద రెండు రోజులు హైదరాబాదు వెళ్ళింది. రెండు రోజులు ఆగడం ఆయన చేతకాలేదు. పెట్టెను దుప్పటిలో చుట్టి భుజాన వేసుకుని బయలుదేరాడు.

మయూర్ విహార్ నుండి పింక్ లైనులో లాజ్‌పత్ నగర్ వెళ్ళి, అక్కడ వయొలెట్ లైను ఎక్కితే మూడో స్టేషను నెహ్రూ ప్లేస్. ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థ 1970లలో కట్టడం మొదలుపెట్టిన ఈ వ్యాపార కేంద్రం తరువాతి కాలంలో దేశమంతటా పేరుపొందిన కంప్యూటర్ బజారయింది. చుట్టూ బహుళ అంతస్తుల భవనాలు, మధ్య రాతిపలకల చౌరస్తా. మెట్ల మీద, నడవాలలో, నేలమాళిగలలో చిన్న చిన్న దుకాణాలు. విప్పిన పెట్టెలు, విడదీసిన బోర్డులు, వేడి సీసం వాసన. ఎక్కడెక్కడివారో చివరి ఆశతో తెచ్చిన యంత్రాలు అక్కడి చేతులలో మళ్ళీ లేస్తుంటాయి.

ఆయన వెళ్ళిన దుకాణంలో కుర్రవాడికి ఇరవై ఏళ్ళు దాటవు. చేతులు చకచక ఆడుతున్నాయి. పెట్టెకు తెర తగిలించి మీట నొక్కాడు. తెల్లని అక్షరాలు వచ్చీరాగానే, చూడకుండానే ఎఫ్1 నొక్కాడు. నీలం మెరుపు చూశాడు. నిర్ణయం చెప్పాడు.

“విండోస్ చెడిపోయింది అంకుల్‌జీ. ఫార్మాట్ చేసి కొత్తది ఎక్కిస్తాను. గంటలో తీసుకుపోవచ్చు.”

“లోపలి కాగితాలు?”

“ఎక్కడ పెట్టారు?”

“డెస్క్‌టాప్ మీద.”

“అయితే పోతాయి.”

ఆ కుర్రవాడు మోసగాడు కాడు. వందమందిలో తొంభైమందికి కావలసినది సాయంత్రానికి పనిచేసే యంత్రం. వారికి అదే దగ్గరి దారి. కాని చెరిపివేసి కొత్తగా రాయడం ఒక చికిత్సే తప్ప రోగ నిర్ణయం కాదు. జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా మనిషినే మార్చివేసినట్లు అది.

కుర్రవాడు డిస్కు పెట్టి, వేలు మీట మీద ఉంచి, ఆయన ముఖం వైపు చూశాడు. సరేనంటే చాలు.

ఆ క్షణంలో ఆయనకు తండ్రి జ్ఞాపకం వచ్చాడు. నేస్తుండగా పడుగులో పోగు తెగేది. తండ్రి వెంటనే కాలు ఆపేవాడు. పైకి ఒక్క మాట అనేవాడు కాదు. వంగి, వందల పోగుల మధ్య వేళ్ళు పోనిచ్చి, తెగిన కొస కోసం వెతికేవాడు. చూస్తున్న పిల్లవాడికి విసుగు. ‘అక్కడికి కోసేసి కొత్తగా మొదలుపెట్టు నాన్నా’ అన్నాడు ఒకనాడు. తండ్రి తల ఎత్తకుండానే అన్న మాట ఆయన చెవులలో మళ్ళీ వినబడింది: “పోగు తెగితే మగ్గం ఆపాలి గాని, బట్ట కోయకూడదురా.”

“వద్దు బాబూ,” అన్నాడు ఆయన. పెట్టెను మళ్ళీ దుప్పటిలో చుట్టుకున్నాడు. కుర్రవాడు చూసినందుకు డబ్బు కూడా తీసుకోలేదు.

*

అమ్మాయి తిరిగివచ్చి అంతా విన్నది.

“బాబాయిగారూ, మొదట తెర మీద ఏం రాసి ఉంది?”

“ఏదో రాసి ఉందమ్మా. కింద ఎఫ్1 నొక్కమంది. నొక్కాను.”

“ఎన్నిసార్లు?”

“ముప్ఫైసార్లు ఉంటుంది.”

“ఒక్కసారైనా చదివారా?”

ఆయన మాట్లాడలేదు. పన్నెండేళ్ళుగా, ముసలివారి నోట దొర్లిన ఒక్క మాట కూడా జారిపోకుండా పట్టుకున్న మనిషి. తన ఎదుట ముప్ఫైసార్లు నిలిచిన రెండు పంక్తులను చదవలేదు. భయం కళ్ళు తెరిపిస్తుందంటారు. నిజానికి అది చూపును పక్కకు లాగుతుంది.

ఈసారి చదివారు. బయోస్ దాచుకున్న అమరికల లెక్క సరిపోలేదని, తయారీనాటి అమరికలతో మొదలుపెట్టినట్లు మొదటి రెండు పంక్తులలో ఉన్నది. ఎఫ్1 నొక్కితే ముందుకు సాగవచ్చునని మూడో పంక్తి. పక్కన తేది: 2011 జనవరి 1.

అమ్మాయి నవ్వింది. “దానికి ఇంకా 2011వ సంవత్సరమే. నిద్రలో తేది మరిచిపోయింది.”

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని పేరు సి.ఆర్. 2032. పేరులోనే కొలతలున్నాయి: 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. దాని శక్తి 3 వోల్టులు. గోడ కరెంటు ఉన్నంతసేపు దానికి పెద్దగా పని ఉండదు. కరెంటు పూర్తిగా తీసివేసినప్పుడు మాత్రం గడియారం ఆగకుండా, యజమాని చేసిన అమరికలు చెరిగిపోకుండా కాపలా కాసేది అదే. పన్నెండేళ్ళ ముసలి బ్యాటరీ అది. ముప్ఫై ఎనిమిది రోజులు ఒంటరిగా కాపలా కాసి చేతులెత్తేసింది.

అమరికలు పోతే విండోస్ ఎందుకు లేవదు? డిస్కుతో మాట్లాడే పద్ధతులు ఒకటికంటె ఎక్కువ ఉన్నాయి. ఆయన యంత్రంలో విండోస్ ఎక్కించినప్పుడు ఎ.హెచ్.సి.ఐ. అనే పద్ధతిని ఎంచుకున్నారు. ఆ బోర్డు తయారీనాటి అమరిక మాత్రం ఐ.డి.ఇ. అనే పాత పద్ధతి. బ్యాటరీ పోగానే బోర్డు పాత పద్ధతికి మారిపోయింది. బయోస్ డిస్కును గుర్తుపట్టింది, మొదటి ఆజ్ఞలను చదివించింది. తరువాత బాధ్యత చేపట్టిన విండోస్ తనకు తెలిసిన పద్ధతిలో డిస్కును పలకరించింది. జవాబు రాలేదు. నిలబడిన నేలే లేదనుకుని నీలి తెర చూపి వెనుదిరిగింది. ఆ నీలి తెరను ఆగేటట్లు చేసి చూస్తే, సంకేతం చివర 7, బి అనే రెండు గుర్తులున్నాయి. తాను లేవవలసిన డిస్కు అందడం లేదని వాటి అర్థం. డిస్కూ చెడలేదు, విండోసూ చెడలేదు. వారిద్దరి మధ్య భాష మారింది, అంతే.

“అయితే ఆ అమరిక మార్చివేయి తల్లీ,” అన్నాడు ఆయన ఆత్రంగా.

“ముందు నకలు బాబాయిగారూ. నా ఊహ తప్పు కావచ్చు కదా.”

ఆమె ప్లగ్గు ఊడదీసి, డిస్కును బయటికి తీసి, తన వెంట తెచ్చిన తీగతో తన ల్యాప్‌టాప్‌కు తగిలించింది. డిస్కు మెల్లగా తిరిగిన చప్పుడు వినిపించింది. కొన్ని క్షణాలకు తెర మీద పసుపుపచ్చని సంచీ గుర్తులు వరుసగా తేలాయి. ఆమె ఒకటి తెరిచింది. అందులో అక్షరాలవారీగా దస్తరాలు: అ, ఆ, ఇ... క, గ, చ... ఆయన వేలు తెరకు తగిలేంత దగ్గరగా జరిగి లెక్కపెట్టుకుంటూ పోయింది. జ, ట, త, ద, న, ప. అన్నీ ఉన్నాయి. ‘హ’ దాకా ఉన్నాయి.

యంత్రం లేవకపోవడం వేరు, అందులో రాసుకున్నది పోవడం వేరు. ఇల్లు తలుపు బిగుసుకుంటే ఇంట్లో సామాను పోయినట్లు కాదు. ఈ భేదం తెలియకనే ఎంతోమంది ఒక బిగిసిన తలుపు కోసం ఇంటికి నిప్పు పెట్టుకుంటున్నారు. డిస్కు తానే దెబ్బతిని టకటక చప్పుడు చేస్తున్నప్పుడు సంగతి వేరు. అప్పుడు దానిని మళ్ళీ మళ్ళీ తిప్పకుండా నిపుణుల చేతికి ఇవ్వవలసిందే. కాని డిస్కు నిక్షేపంగా ఉండి యంత్రం మాత్రమే లేవనప్పుడు, దానిని ఇంకొక యంత్రానికి తగిలిస్తే చాలా సందర్భాలలో రాసుకున్నదంతా చేతికి వస్తుంది.

నకలు తీయడం ముగిసేసరికి రాత్రి తొమ్మిదిన్నర. తరువాతి పని పది నిమిషాలకంటె ఎక్కువ పట్టలేదు. కింద కిరాణా దుకాణంలో దొరికిన కొత్త బ్యాటరీ వేసి, డిస్కును తిరిగి బిగించి, తేది సరిచేసి, పద్ధతిని ఎ.హెచ్.సి.ఐ.కి మార్చి మీట నొక్కారు. ఒక పొట్టి కూత. విండోస్ గుర్తు. నీలం మెరుపు రాలేదు. ఆయన డెస్క్‌టాప్ మీద ఎప్పటిలాగే పొందూరు మగ్గం బొమ్మ కనబడింది.

అది విండోస్ 7. దాని తయారీదారులు 2020 జనవరిలోనే దాని బాగోగులు చూడడం మానివేశారు. ఆ పెట్టెను ఇక ఇంటర్నెట్టుకు తగిలించవద్దని, వీలు చూసుకుని మార్చివేయమని అమ్మాయి చెప్పింది. ఆయన తల ఊపాడు.

“ఒక్క నకలు నకలు కాదు బాబాయిగారూ,” అని కూడా చెప్పింది. “మూడు ఉండాలి. రెండు వేరువేరు వస్తువుల మీద ఉండాలి. ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. యమున ఈ మెట్లు కూడా ఎక్కిందనుకోండి!”

మాట కొత్తదేగాని నీతి పాతది. తాటాకులు పురుగు తింటాయి, తడికి కుళ్ళుతాయి. మన పూర్వులు వాటిని మళ్ళీ మళ్ళీ కొత్త ఆకుల మీదికి ఎక్కించబట్టే కావ్యాలు నిలిచాయి. పందొమ్మిదో శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను నియమించి తాళపత్ర గ్రంథాలకు నకళ్ళు రాయించాడు. ఏ కాలంలోనైనా మాట బతికేది దానిని మోసే వస్తువు గట్టితనం వల్ల కాదు. దానిని ఇంకొక చోటికి ఎక్కించే ఓపిక వల్ల.

ఆ అమ్మాయి వెళ్ళిన తరువాత ఆయన చాలాసేపు మేలుకునే ఉన్నాడు. కూలరు ఆపే ఉంచాడు. ‘ప’ అక్షరం దస్తరం తెరిచి ‘పోగు’ అనే మాట దగ్గర ఆగాడు. దాని కింద ఏడు వాక్యాలున్నాయి, ఏడుగురు చెప్పినవి. ఎనిమిదోది అక్కడ లేదని ఆయనకు ఇన్నేళ్ళూ తోచలేదు. మెల్లగా టైపు చేశాడు: ‘పోగు తెగితే మగ్గం ఆపాలి గాని, బట్ట కోయకూడదురా.’ చెప్పినవారి పేరు దగ్గర తండ్రి పేరు రాశాడు. ఊరు, పొందూరు.

తేది దగ్గర వేళ్ళు నిలిచిపోయాయి. కొంచెంసేపు ఆలోచించి, ‘నా చిన్ననాడు’ అని రాశాడు. తరువాత ఆ దస్తరాన్ని మూడు చోట్ల భద్రం చేసి, తెర ఆర్పి పడుకున్నాడు.